జేఈఈ మెయిన్ 2025: మార్కులు పెరిగాయి, పర్సంటైల్ తగ్గింది. ఎలా?

ద్వితీయ_ఎంపీసీ

అందరికీ నమస్కారం. మెయిన్ రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఒకటే అయోమయం, ఎవరైనా విడమరచి చెప్తారని రాస్తున్నా. జనవరి సెషన్‌లో ఫైనల్ కీ పెట్టి లెక్కేసుకుంటే నాకు 161 మార్కులు, పర్సంటైల్ 98.4. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు రాస్తూనే రాత్రుళ్ళు మెయిన్‌కి కూర్చుని ఏప్రిల్‌లో 174 తెచ్చుకున్నా. కానీ స్కోర్ కార్డులో 98.1 ఉంది. పదమూడు మార్కులు పెరిగితే పర్సంటైల్ తగ్గడమేంటి? స్కోర్ కార్డు తప్పేమోనని మూడుసార్లు డౌన్‌లోడ్ చేశా, అదే ఉంది.

ఇంకోటి. 98.4 అంటే పైన 1.6 శాతం మంది, రాసింది 14.75 లక్షలు, కాబట్టి ర్యాంకు 23,600 చుట్టూ రావాలి కదా? నాకొచ్చిన సీఆర్ఎల్ (అన్ని కేటగిరీల వాళ్ళనీ కలిపి ఇచ్చే ర్యాంకు) 25 వేలు దాటింది. పైగా మా పెదనాన్న కొడుకు, అన్నయ్యకి 2021లో 98.3 వచ్చి మంచి ఎన్‌ఐటీలోనే సీటొచ్చింది, నాకు ఆయన కంటే ఎక్కువ వచ్చినా అది రాదంటున్నారు. ఇంట్లో నాన్నకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆయన పాపం అన్నయ్య పర్సంటైల్, నా పర్సంటైల్ పక్కపక్కన డైరీలో రాసుకుని చూస్తున్నారు.

గోదారి_గట్టు

తమ్ముడూ, ముందుగా కంగ్రాట్స్. 98.4 చిన్న విషయం కాదు. నాకూ సరిగ్గా ఇదే డౌట్, జనవరిలో 140, ఏప్రిల్‌లో 149, పర్సంటైల్ మాత్రం కాస్త కిందికే. ఫాలో అవుతున్నా.

లెక్కల_మాస్టారు

బాబూ, స్కోర్ కార్డు తప్పు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నాను, 2019లో ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ ఈ పర్సంటైల్ పద్ధతి తెచ్చినప్పటి నుంచి ప్రతి ఏడూ ఈ ప్రశ్న కనీసం పదిమంది అడుగుతారు. ఓపిగ్గా చదువు.

పర్సంటైల్‌కి నీ మార్కులతో నేరుగా సంబంధం లేదు. నీ షిఫ్టులో, అంటే నీతో పాటు ఒకే పూట అదే పేపరు రాసినవాళ్ళలో, నీ మార్కులు, లేదా అంతకంటే తక్కువ వచ్చినవాళ్ళు వందకి ఎంతమంది అన్నదే పర్సంటైల్. నేను క్లాసులో బోర్డు మీద ఇలా వేస్తాను. ఒక గీత గీసి దాని మీద ఆ షిఫ్టు పిల్లలందరినీ మార్కుల వరుసలో నిలబెడతాను. జనవరిలో నీ షిఫ్టులో 1,20,000 మంది రాశారనుకుందాం. 98.4 అంటే 1,18,080 మంది నీతో సమానంగానో నీ వెనకో ఉన్నారు, నీ ముందు 1,920 మంది. ఏప్రిల్ షిఫ్టులో 1,10,000 మంది అనుకుందాం. 98.1 అంటే 1,07,910 మంది నీతోనో నీ వెనకో, ముందు 2,090 మంది. నువ్వు 174 దగ్గరికి జరిగావు, నిజమే. కానీ గీత మీద మిగతావాళ్ళు కూడా జరిగారు, కొందరు నీకంటే ఎక్కువ జరిగారు. (ఈ షిఫ్టు సంఖ్యలు ఉదాహరణకి వేసుకున్నవే.)

ఎందుకు జరిగారంటే రెండు కారణాలు. పేపరు సులువుగా ఉండొచ్చు, అప్పుడు అందరి మార్కులూ పైకి పోతాయి. లేదా నీలాగే అందరూ రెండు నెలలు గట్టిగా చదివి ఉండొచ్చు. ఏప్రిల్‌లో ఈ రెండోది సాధారణంగా ఉంటుంది, ఎందుకంటే సిలబస్ పూర్తికాని వాళ్ళకి ఆ లోపు పూర్తవుతుంది, పబ్లిక్ పరీక్షల కోసం చేసిన రివిజన్ కెమిస్ట్రీలో బాగా పనికొస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఏదైనా ప్రశ్న తప్పని తీసేస్తే ఆ షిఫ్టులో రాసిన అందరికీ 4 మార్కులు కలుపుతారు. నీ మార్కు పెరిగినట్టు కనబడుతుంది, వరుసలో నీ చోటు మాత్రం ముందుకు జరగదు. సరిగ్గా ఆ ప్రశ్నే నువ్వు కష్టపడి చేసి ఉంటే నీకు నష్టం కూడా.

పాప_వాళ్ళమ్మ

మాస్టారు గారూ, మా పాప స్కోర్ కార్డు కూడా చూసి చెప్పగలరా. ఫిజిక్స్ 99.1, కెమిస్ట్రీ 96, మ్యాథ్స్ 94. టోటల్ 97.9 అని ఇచ్చారు. మూడూ కలిపి మూడుతో భాగిస్తే 96.4 కూడా రావడం లేదు కదా, మరి 97.9 ఎలా ఇచ్చారు? ఎక్కువ ఇచ్చారు కాబట్టి బాధ లేదు, కానీ తర్వాత తప్పు జరిగిందని తగ్గిస్తారేమోనని భయంగా ఉంది.

లెక్కల_మాస్టారు

తగ్గించరమ్మా, నిశ్చింతగా ఉండండి. టోటల్ పర్సంటైల్ అంటే మూడు పర్సంటైల్స్ సగటు కాదు. మూడు సబ్జెక్టుల మార్కులు కలిపి, ఆ మొత్తంతో మళ్ళీ వరుసలో నిలబెట్టి విడిగా లెక్క కడతారు. మ్యాథ్స్‌లో మీ పాప కంటే ముందున్నవాళ్ళలో చాలామంది ఫిజిక్స్‌లోనో కెమిస్ట్రీలోనో వెనకబడి ఉంటారు. మూడింట్లోనూ పట్టు తప్పకుండా నిలబడే పిల్లలు తక్కువ, అందుకే మొత్తం మీద మీ పాప చోటు పైకి వచ్చింది. అలా నిలకడగా రాయడం చాలా మంచి లక్షణం, పాపకి చెప్పండి.

హాస్టల్_సీనియర్

మాస్టారు గారు షిఫ్టు సంగతి చెప్పేశారు, నేను ర్యాంకు లెక్క చెప్తా, ఎందుకంటే నేనూ 2023లో ఇక్కడే బోల్తాపడి ఒక రాత్రంతా ఏడ్చా.

(100 − పర్సంటైల్)ను మొత్తం రాసినవాళ్ళతో గుణించి వందతో భాగించు అని ప్రతి వీడియోలోనూ చెప్తారు. ఇది ఉజ్జాయింపే. ఎందుకో చూడండి. పర్సంటైల్ లెక్కించేది ఒక్కో షిఫ్టులో రాసినవాళ్ళ మధ్య. ర్యాంకు ఇచ్చేదేమో రెండు సెషన్లలో ఎవరికి ఏది ఎక్కువో అది తీసుకుని. 2025లో జనవరి పేపర్-1 (ఇంజినీరింగ్ పేపరు) రాసింది 12,58,136 మంది, ఏప్రిల్‌లో 9,92,350 మంది, రెండింట్లో ఏదో ఒకటైనా రాసినవాళ్ళు 14,75,103 మంది.

ఇప్పుడు 99 పర్సంటైల్ తీసుకోండి. జనవరిలో 99 పైన ఉన్నవాళ్ళు ఒక శాతం, అంటే దాదాపు 12,581. ఏప్రిల్‌లో 99 పైన ఉన్నవాళ్ళు దాదాపు 9,923. ఆ ఏప్రిల్ వాళ్ళందరూ జనవరిలో కూడా 99 దాటినవాళ్ళే అయితే 99 దగ్గర ర్యాంకు 12,581 దగ్గరే ఆగుతుంది. ఒక్కరూ కాకపోతే రెండూ కలిపి 22,504 దాకా పోతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. వీడియో ఫార్ములా ఇచ్చేది 14,751. అది ఈ రెండు హద్దుల మధ్యలోనే ఉంది కాబట్టి పూర్తిగా తప్పు కాదు, కానీ జనవరిలో తక్కువ వచ్చి ఏప్రిల్‌లో ఎగబాకినవాళ్ళు ఎంతమంది ఉంటే నీ ర్యాంకు అంత వెనక్కి పోతుంది. తమ్ముడూ, నీది 98.4. జనవరి ఒక్కటే చూస్తే నీ పైన 20 వేల చిల్లర ఉన్నారు. ఏప్రిల్‌లో 98.4 దాటినవాళ్ళు ఇంకో 15,900 దాకా ఉంటారు. వాళ్ళలో జనవరిలో నీ కింద ఉన్నవాళ్ళు ఓ ఐదారు వేలు వచ్చి చేరారన్నమాట. నీ 25 వేలు ఇలాగే వచ్చింది. ఎవరూ నీకు అన్యాయం చేయలేదు.

ద్వితీయ_ఎంపీసీ

అన్నా, ఈ లెక్క ఏ వీడియోలోనూ చెప్పలేదు. థాంక్యూ. మరి 2021 అన్నయ్య సంగతి?

స్టాటిస్టిక్స్_పిచ్చి

దానికి జవాబు మీ నాన్నగారి డైరీలో ఇంకో గడి గీస్తే దొరుకుతుంది. ఆ ఏడు ఎంతమంది రాశారు అన్న గడి.

2021లో మెయిన్ నాలుగు సెషన్లు పెట్టారు, కరోనా ఏడాది, మొత్తం రాసినవాళ్ళు దాదాపు 9.39 లక్షలు. 98.3 అంటే వీడియో ఫార్ములా ప్రకారమైనా 16 వేల చుట్టుపక్కల. 2025లో 14.75 లక్షలు, అదే 98.3కి అదే ఫార్ములా 25 వేలు ఇస్తుంది. సీట్లు మాత్రం జనం పెరిగినంత పెరగలేదు. జోసాలో, అంటే ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్‌లో, సీటిచ్చేది ర్యాంకుకి, పర్సంటైల్‌కి కాదు. అందుకే ఒక ఏడాది పర్సంటైల్‌ని ఇంకో ఏడాది పర్సంటైల్‌తో పోల్చడం వల్ల ఉపయోగం లేదు, ర్యాంకుని ర్యాంకుతో పోల్చండి. తొమ్మిది లక్షల్లో 25 వేల ర్యాంకు, పదిహేను లక్షల్లో 25 వేల ర్యాంకు, సీటు దగ్గర రెండూ దాదాపు ఒకటే, పదిహేను లక్షల్లో తెచ్చుకున్నవాడు ఎక్కువమందిని దాటాడు అంతే.

అడ్వాన్స్‌డ్ (ఐఐటీల కోసం మెయిన్ తర్వాత రాసే పరీక్ష) కటాఫ్ కూడా ఇదే కథ. జనరల్ కటాఫ్ 2021లో 87.8992241, 2024లో 93.2362181, 2025లో 93.1023262. ఇది చూసి పరీక్ష కష్టమైందని కొందరు, సులువైందని కొందరు వాదించుకుంటారు. అడ్వాన్స్‌డ్‌కి పంపేది 2.5 లక్షల మందిని, అందులో ఓపెన్ వాటా 40.5 శాతం, అంటే 1,01,250. ఇప్పుడు 2025 కటాఫ్ పైన ఎంత మిగిలిందో చూడండి, 6.9 శాతం. దాన్ని 14,75,103తో లెక్కేస్తే 1,01,700 చిల్లర. హాస్టల్_సీనియర్ చెప్పినట్టు ఇది ఉజ్జాయింపే, అయినా ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా! తలుపు వెడల్పు మారలేదు, బయట నిలబడ్డ జనం పెరిగారు, కటాఫ్ పైకి పోయింది.

నాన్న_కర్నూలు

నేను పిల్లవాడిని కాదు, తండ్రిని. పై పోస్టు నాలుగుసార్లు చదివాను. మా బంధువుల్లో అందరూ "మీ వాడికి 95 శాతం వచ్చిందట కదా, మరి సీటు రాదంటారేంటి" అని అడుగుతున్నారు. శాతం వేరు పర్సంటైల్ వేరు అని చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. మా అబ్బాయికి 300కి 120 వచ్చాయి, అంటే 40 శాతం, అది చెప్తే "అయ్యో ఫెయిలా" అన్నారు. 95 అంటే సీటు గ్యారంటీ అనుకుంటున్నారు, 40 అంటే ఫెయిల్ అనుకుంటున్నారు. రెండూ ఒకే పిల్లవాడి ఒకే పేపరు. మధ్యలో వాడు నలిగిపోయాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటాడు, తినడు.

లెక్కల_మాస్టారు

సార్, ఈసారి ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: "వందమందిని పిలిస్తే మావాడు 95 మందితో సమానంగానో ముందో ఉన్నాడు, కాకపోతే అక్కడికి వచ్చింది పదిహేను లక్షల మంది." బాబుతో ఈ రెండు రోజులు మార్కుల మాటే ఎత్తకండి. మీ ఊళ్ళో పిల్లలు రాసే ఎప్‌సెట్, అదే రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, ఇంకా ఉంది. అందులో పర్సంటైల్ గొడవ ఉండదు, 160కి నార్మలైజ్ చేసిన మార్కులే ఇస్తారు. 120 తెచ్చుకున్న పిల్లవాడు దానికి బాగా పనికొస్తాడు.

రెండోసారి

నేను లాంగ్ టర్మ్. 2024లో ఒకసారి, 2025లో ఇంకోసారి రాశా. నా గొడవ వేరే. పేపర్ మార్చారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

2021 నుంచి 2024 దాకా పేపర్లో 90 ప్రశ్నలుండేవి, ఒక్కో సబ్జెక్టులో న్యూమరికల్ ప్రశ్నలు పది ఇచ్చి ఐదు చేయమనేవాళ్ళు. మొత్తం మీద 75 చేస్తాం, 300 మార్కులు. 2025 నుంచి ఆ ఛాయిస్ తీసేశారు. సబ్జెక్టుకి 25, అందులో 20 ఆప్షన్స్ ఉన్నవి, 5 న్యూమరికల్, అన్నీ చేయాల్సినవే. టైమ్ అదే మూడు గంటలు, మార్కులు అవే 300. పైకి చూస్తే ఏం మారలేదు అనిపిస్తుంది. లోపల కూర్చున్నవాడికి తెలుస్తుంది తేడా. పోయినేడు మ్యాథ్స్ న్యూమరికల్‌లో నేను మొదట పది ప్రశ్నలూ చదివి, నాకొచ్చిన ఐదు ఏరుకునేవాణ్ణి. మ్యాట్రిక్స్, వెక్టర్స్, స్టాటిస్టిక్స్ నుంచి వచ్చేవి చేసుకుని, పెద్ద ఇంటిగ్రేషన్ వదిలేసేవాణ్ణి. ఈసారి ఆ ఇంటిగ్రేషన్ నా ముందే కూర్చుంది, వదిలేస్తే నాలుగు మార్కులు పోతాయి, పట్టుకుంటే ఎనిమిది నిమిషాలు పోతాయి. తప్పైతే ఒక మార్కు మైనస్, 2022 నుంచి న్యూమరికల్‌కి కూడా నెగటివ్ ఉంది.

మా కోచింగ్ సెంటర్ గోడ మీద మాత్రం 2024 మార్కులు-పర్సంటైల్ పట్టికే ఉంది. జనవరి పేపర్ రాసొచ్చిన రోజు అందరం ఆ పట్టిక ముందే నిలబడి వేలు పెట్టి చూసుకున్నాం. నా మార్కులకి అందులో ఉన్నదానికీ, రిజల్ట్‌లో వచ్చినదానికీ ఒక పర్సంటైల్ పైనే తేడా వచ్చింది. నాకు పైకే వచ్చింది, కానీ ఆ రెండు వారాలు నేను పడ్డ టెన్షన్ ఎవరిస్తారు వెనక్కి? నా రూమ్మేట్ ఆ పట్టిక చూసే ఏప్రిల్‌కి చదవడం మానేశాడు, ఇక నావల్ల కాదని. అది నాకు ఇప్పటికీ బాధే.

హాస్టల్_సీనియర్

ఇది చాలా ముఖ్యమైన పాయింట్. మూడొందలకి మూడొందలే కదా అని అందరూ పోల్చేస్తారు. 2019లో 360 మార్కులు, కాబట్టి దాన్ని ఎవరూ ఇప్పటితో కలపరు. 2023ని 2025తో మాత్రం కలిపేస్తారు, మొత్తం ఒకటే కాబట్టి. పదిలో ఐదు ఏరుకుని తెచ్చుకున్న 150, ఏరుకునే వీల్లేకుండా తెచ్చుకున్న 150 ఒకటి కాదు. అంతెందుకు, ఒకే ఏడాదిలో ఒక షిఫ్టు 150కి ఇంకో షిఫ్టు 150కే పొంతన ఉండదు.

గోదారి_గట్టు

ఒక డౌట్ అన్నా. ఏడు దశాంశాలు ఎందుకిస్తారు? 98.4012345 అని. ఆ చివరి అంకెలకి నిజంగా విలువ ఉందా?

స్టాటిస్టిక్స్_పిచ్చి

టైలు, అంటే ఇద్దరికి ఒకే స్కోరు రావడాలు, తగ్గించడానికి. 1,20,000 మంది షిఫ్టులో ఒక్క మనిషి తేడా అంటే దాదాపు 0.0008 పర్సంటైల్, ఇంకో షిఫ్టులో జనం వేరు కాబట్టి ఆ ఒక్క మనిషి విలువ ఇంకోలా ఉంటుంది. రెండు షిఫ్టుల వాళ్ళని ఒకే వరుసలో పెట్టాలంటే అంత లోతుకి పోవాల్సిందే. నీ చదువు గురించి ఆ ఏడో అంకె ఏమీ చెప్పదు. మొదటి దశాంశం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, 0.1 అంటే దాదాపు 1,475 మంది.

ఇదే ఊపులో నన్ను ఎప్పుడూ కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటి చెప్తా. ఈ పద్ధతి అంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: ఏ షిఫ్టు చూసినా పిల్లల స్థాయి సగటున ఒకేలా ఉంటుంది అని. ఒకే సెషన్‌లో పది షిఫ్టుల మధ్య అయితే ఒప్పుకుంటా, లక్ష మందిని కలగలిపి పంచితే తేడాలు సర్దుకుంటాయి. కానీ జనవరి, ఏప్రిల్ మధ్య? ఏప్రిల్‌లో రాసినవాళ్ళు తక్కువ. జనవరిలో అద్భుతంగా వచ్చినవాళ్ళలో కొందరు అడ్వాన్స్‌డ్ మీద పడి మళ్ళీ రాయరు, నిరాశపడ్డవాళ్ళలో కొందరు మానేస్తారు, మధ్యలో పట్టుదల ఉన్నవాళ్ళు మిగులుతారు. ఆ గుంపులో 98, జనవరి గుంపులో 98 ఒకటే అని తీసుకుంటున్నాం. అందరికీ రెండు అవకాశాలూ ఉన్నాయి కాబట్టి మోసం అనను. కానీ ద్వితీయ_ఎంపీసీ 174 తెచ్చుకున్న ఏప్రిల్ 98.1ని జనవరి 98.4 కంటే తక్కువ చదువు అని నేను అనలేను. వాడు కచ్చితంగా ముందుకే వెళ్ళాడు.

పాప_వాళ్ళమ్మ

మీ మాట చదివి కళ్ళు చెమర్చాయి బాబూ. ఆ అబ్బాయికి చెప్పాల్సిన మాటే చెప్పారు.

రెండోసారి

ఇంకో సంగతి కూడా చూసుకోండి అందరూ. 100 పర్సంటైల్ అంటే 300కి 300 కాదు. ప్రతి షిఫ్టులో మొదటివాడికి ఎన్ని మార్కులొచ్చినా 100 వస్తుంది, ఎందుకంటే అతనితో సమానంగా లేదా తక్కువ వచ్చినవాళ్ళు వందకి వంద. జనవరి 2025లో పది షిఫ్టులు, 100 వచ్చింది 14 మందికి.

నాన్న_కర్నూలు

ఒక ప్రశ్న. మా ఊరు కర్నూలే కానీ అబ్బాయి ఇంటర్ హైదరాబాద్‌లో చదివాడు. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రం పిల్లలకి విడిగా ఉంచే హోమ్ స్టేట్ కోటా మాకు ఏ రాష్ట్రానిది వస్తుంది?

హాస్టల్_సీనియర్

ఇంటర్ ఎక్కడ పాసైతే అదే అంకుల్, సొంతూరు చూడరు. మీ అబ్బాయికి తెలంగాణ, అంటే వరంగల్ ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి మాత్రం వేరే రాష్ట్రం లెక్క. ఇది చాలామందికి కౌన్సెలింగ్ రోజు దాకా తెలియదు. ఇంకోటి, ఎన్‌ఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 65 శాతం. మెమో వచ్చాక ఒకసారి చూసుకోండి.

ద్వితీయ_ఎంపీసీ

మాస్టారు గారూ, అన్నయ్యలూ, అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారు చెప్పిన గీత కాగితం మీద వేసి నాన్నకి చూపించా. జనవరి గీత, ఏప్రిల్ గీత, రెండింటి మీదా నేను. ముందు నమ్మలేదు, తర్వాత డైరీ తీసుకుని అన్నయ్య 98.3 పక్కన 9.39 లక్షలు, నా 98.4 పక్కన 14.75 లక్షలు రాశారు. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేకుండా తనే భాగించుకున్నారు, బ్యాంకులో పనిచేస్తారులెండి. కాసేపటికి "అయితే నీది 25 వేలు, వాడిది 16 వేలు. ఇప్పుడు 25 వేలకి పోయినేడు ఎక్కడెక్కడ ఏ బ్రాంచి వచ్చిందో తీయరా" అన్నారు. జోసా సైట్‌లో 2024 చివరి రౌండ్ క్లోజింగ్ ర్యాంకులు తెరిచి ఇద్దరం కూర్చున్నాం. సివిల్, మెకానికల్, కెమికల్‌లో కొన్ని చోట్ల అందేలా ఉంది. అన్నా, క్లోజింగ్ ర్యాంకులు చూసేటప్పుడు హోమ్ స్టేట్, అదర్ స్టేట్ విడివిడిగా చూడాలి కదా?

హాస్టల్_సీనియర్

అవును, విడివిడిగానే. జెండర్ న్యూట్రల్ వరస చూడు, ఫీమేల్ ఓన్లీ వరస కాదు. మీది ఓబీసీనో ఈడబ్ల్యూఎస్‌నో అయితే కేటగిరీ ర్యాంకుతో చూడాలి, సీఆర్ఎల్‌తో కాదు. రేపు సాయంత్రం లిస్టు ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.